ఊరి సీసీ కెమెరాలు: ఏడేళ్లు వాడాక

మాది నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు ఊరు. 2018లో ఇంటికి 300 చొప్పున చందా వేసుకున్నాం. తక్కువ పడ్డది హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఊరివాళ్లు ఇద్దరు వేసుకుంటే 8 కెమెరాలు పెట్టించాం. ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానమని అప్పట్లో ప్రతి మీటింగులో చెప్పేవాళ్లు. ఆ లెక్కన మా ఊళ్లో 800 మంది దిగారన్నమాట.

కెమెరాల బొమ్మలు రికార్డు చేసే డబ్బా, అదే డీవీఆర్, ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. పంచాయతీ ఆఫీసుకు సాయంత్రమే తాళం పడుతుంది. రాత్రి 10 దాకా తెరిచి ఉండేదీ, ఇన్వర్టర్ ఉన్నదీ నా కిరాణా కొట్టు ఒక్కటే. అలా అది నా బియ్యం బస్తాల పైఅరలోకి ఎక్కింది. ఏడేళ్లుగా దానికి నేనే కాపలా.

ముందు వస్తువు సంగతి. పగలు బొమ్మ బాగుంటుంది, బస్టాండు దగ్గర దిగినవాళ్ల ముఖాలు పోల్చుకోవచ్చు. రాత్రే కష్టం. కెమెరా చుట్టూ ఉండే లైట్లకు పురుగులు వస్తాయి, వాటి కోసం సాలెపురుగు వస్తుంది, అద్దం మీద గూడు కడుతుంది. స్క్రీన్ మీద తెల్లటి దారాలు తప్ప ఇంకేం కనిపించవు. నెలకోసారి వెదురు బొంగుకు గుడ్డ కట్టి తుడుస్తా. కోతులు రెండుసార్లు వైరు పీకాయి. ఒక వానాకాలం పిడుగుకు నాలుగు కెమెరాలు ఒకేసారి పోయాయి. 2 టెరాబైట్ల హార్డ్ డిస్క్‌లో పన్నెండు పదమూడు రోజుల రికార్డే ఉంటుంది, ఆ తర్వాత పాతది చెరిగిపోతుంది. పదిహేనో రోజు వచ్చి అడిగేవాళ్లకు ఈ ముక్క చెప్పలేక చస్తున్నా.

బాగుచేయించే ఖర్చు ఎవరిదన్నది మొదట్లో ఎవరూ అనుకోలేదు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచ్ లేడు, ప్రత్యేకాధికారి పాలన. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యేదాకా మూడు కెమెరాలు అలా ఉత్తగా వేలాడాయి.

పనికొచ్చిన రోజులూ ఉన్నాయి. మతిమరుపున్న ఒక పెద్దాయన పొద్దున్నే ఇల్లు వదిలిపోతే ఊరంతా బావులు వెతికారు. నేను వెనక్కి తిప్పి చూస్తే 5:40కి గుడి ముందు నుంచి చెరువుకట్ట వైపు నడుస్తున్నాడు, చేతిలో చెంబు. గంటలో బత్తాయి తోటలో దొరికాడు. ఆ ఒక్క రోజుకు నా చందా తీరిపోయింది.

మేకల దొంగతనం రాత్రి మాత్రం వేరేలా జరిగింది. 2 గంటలప్పుడు కుక్కలు మొరిగాయి. మా వీధి చివరాయన లేచి చూసేసరికి దొడ్డి తడిక తీసి ఉంది, 11 మేకలు లేవు. 100కి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు, ఏ మండలం, దగ్గర్లో ఏముంది అని అడిగారు. కానీ పెట్రోలింగ్ బండి అప్పుడు హైవే మీద యాక్సిడెంట్ దగ్గర ఉంది. మా దగ్గరికి వచ్చేసరికి 50 నిమిషాలైంది. అంతసేపట్లో విజయవాడ రోడ్డెక్కినవాడు ఎటైనా పోతాడు. తెల్లారి కానిస్టేబుల్ నా కొట్లో స్టూల్ మీద కూర్చుని ఫుటేజీ నాలుగుసార్లు చూశాడు. తెల్ల ట్రాలీ ఆటో కనిపిస్తోంది. హెడ్‌లైట్ వెలుగుకు నంబర్ ప్లేట్ ఉన్నచోట తెల్లటి ముద్ద. "బండైతే వచ్చింది సేటూ" అన్నాడు. ఆ మాట మాకు కుక్కలే చెప్పాయి.

ఆయన మీద నాకు కోపం లేదు. వినాయక నిమజ్జనానికి హైదరాబాద్ బందోబస్తు, జాతర వస్తే అక్కడ, ఎన్నికలొస్తే ఇంకెక్కడో. స్టేషన్లో మిగిలిన నలుగురైదుగురు కోర్టు పనీ, సమన్లూ, రిసెప్షనూ చూసుకోవాలి. మా ఊరి పిల్లాడే ఒకడు కానిస్టేబుల్ అయ్యాడు, స్వీట్లు పంచాం, ఇప్పుడు హైదరాబాద్‌లో ట్రాఫిక్ దగ్గర నిలబడుతున్నాడు. మా ఊళ్లో నిండుగా పోలీసుల్ని చూసింది 2022 అక్టోబరు, నవంబరు నెలల్లో, మునుగోడు ఉప ఎన్నికప్పుడు. అడుగడుగునా చెక్‌పోస్టు, ప్రతి కారు డిక్కీ తెరిచి చూసేవాళ్లు. నవంబరు 3న పోలింగ్ అయింది, వారానికల్లా ఊరు ఖాళీ.

కెమెరాలు రాకముందు ఒక బీట్ కానిస్టేబుల్ ఉండేవాడు. వారానికి రెండు రాత్రులు బైక్ మీద వచ్చేవాడు. హనుమాన్ గుడి గోడకు రేకు డబ్బా, అందులో గస్తీకి వచ్చినట్టు రాసే పాయింట్ బుక్కు, దాంట్లో సంతకం పెట్టి నా కొట్టు ముందు చాయ్ తాగేవాడు. ఎవరి అల్లుడు అలిగొచ్చాడు, ఎవరి మోటార్ కేబుల్ పోయింది, బెల్టు షాపు దగ్గర కొత్త మొహం ఎవరిది, అన్నీ ఆ చాయ్ మీద తేలిపోయేవి. కాయితం దాకా పోయిన తగాదాలు తక్కువ. కెమెరాలు వచ్చాక మొదట వారానికొకసారి అయింది, తర్వాత నెలకు, తర్వాత ఫోన్లోనే: "సేటూ, కెమెరాలు నడుస్తున్నాయా?" ఇప్పుడు పంచాయతీ గోడ మీద ఊరి పోలీసు అధికారి ఫోన్ నంబర్ రాసి ఉంది. ఆ మనిషి బదిలీ అయిపోయాడు, నంబర్ అట్లనే ఉంది.

ఆ బీట్ కానిస్టేబుల్ పని ఇప్పుడు నాకు అంటింది. పొద్దున శట్టర్ ఎత్తకముందే ఎవరో ఒకరు: "ఒక్కపారి తిప్పి సూపియ్యవా?" కోడి పోయినా నేనే, కోడలు పోయినా నేనే. రెండోదానికి చూపించనని ఒట్టేసుకున్నా, అందుకు రెండిళ్లవాళ్లు నా దగ్గర సామాను కొనడం మానేశారు. ఒక కొట్లాట కేసులో ఫుటేజీ ఇస్తే, అది కోర్టులో సాక్ష్యంగా చెల్లడానికి సర్టిఫికెట్ మీద సంతకం అడిగారు. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం, సెక్షన్ 63 అన్నారు, ఇంతకుముందు 65బి అట. ఆ ఫారంలో హ్యాష్ విలువ అని ఒక గడి. పదో తరగతి చదివిన నాకు అదేంటో స్టేషన్ కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి చెప్పాలి, ఆ రోజు ఆయన డ్యూటీలో లేడు. పైగా డీవీఆర్ గడియారం 17 నిమిషాలు వెనక ఉందని నాకే చివాట్లు.

రేటింగ్ అడిగితే వస్తువుకు 5కి 3 ఇస్తా. పోలీసుకు బదులుగా అని పెట్టుకునేవాళ్లకు 1. కొనాలనుకునే ఊళ్లవాళ్లు ఊరి పొలిమేరలో నంబర్ ప్లేట్ చదివే కెమెరా ఒక్కటైనా వేరేగా తీసుకోండి, మామూలువి నాలుగు తగ్గినా ఫరవాలేదు. బాగుచేయించే డబ్బు ముందే బ్యాంకులో వేయండి. డీవీఆర్ మాత్రం కిరాణా కొట్లో పెట్టకండి.

మొన్న గుడికి సున్నం వేసేటప్పుడు ఆ రేకు డబ్బా తెచ్చి నాకిచ్చారు. లోపల బుక్కు చెదలు పట్టింది, చివరి సంతకం 2021 మార్చి. పారేయబుద్ధి కాక డీవీఆర్ పక్కనే పెట్టా.