కొండ సంగీతం పిల్లలకు: ఇంట్లోనా, బడిలోనా, కాగితం మీదనా?

అమెరికాలో నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దున బ్లూ రిడ్జ్ కొండలున్నాయి. అక్కడ ఫిడేలు, బాంజో (డోలులా తోలు బిగించిన గుండ్రని బుర్ర, పొడవాటి మెడ ఉన్న తీగ వాయిద్యం) తరతరాలుగా ఎక్కువగా ఇళ్లలోనే చేతులు మారాయి. షార్లెట్‌లో స్థిరపడ్డ తెలుగువారికి ఈ కొండలు కారులో రెండు గంటల దూరమే. ఆ పల్లెల పిల్లలకు ఈ సంగీతం నేర్పడానికి మూడు దారులున్నాయి.

మొదటిది పెద్దల దగ్గర కూర్చోవడం. ఈ కొండల దగ్గరి రౌండ్ పీక్ అనే ప్రాంతపు బాణీకి పేరు తెచ్చిన టామీ జారెల్ (1901–1985) ఫిడేలు తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ముసలితనంలో ఆయన ఇంటికే దూరప్రాంతాల యువకులు వచ్చి నేర్చుకుని వెళ్లారు. ఈ పద్ధతిలో కమాను ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో కళ్లారా చూస్తారు. దీనికి సాటి లేదు. కానీ ఇంట్లో వాయించేవారు లేని పిల్లల సంగతేమిటి? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే నేను రెండో దారికి మళ్లుతాను.

2000లో నార్త్ కరోలినాలోని స్పార్టా అనే చిన్న ఊళ్లో, అక్కడి బడిలో విద్యార్థులకు సలహాదారుగా ఉన్న హెలెన్ వైట్ బడి వేళల తర్వాత తరగతులు మొదలుపెట్టారు. అదే జూనియర్ అపలేచియన్ మ్యుజీషియన్స్ అనే కార్యక్రమం. చిన్న చిన్న బృందాల్లో ఫిడేలు, బాంజో, గిటారు నేర్పుతారు. తర్వాత అది చుట్టుపక్కల రాష్ట్రాలకూ పాకింది. తండ్రి వాయిద్యకారుడైనా కాకపోయినా పిల్లవాడు అక్కడ బాంజో పట్టుకోవచ్చు. అయితే అందరూ ఒకేసారి ఒకే వరస వాయిస్తే, ఇంటికో తీరుగా ఉన్న బాణీలు అరిగిపోతాయన్న భయం ఉంది. అది ఉత్తి భయం కాదు. అందుకే ఊళ్లోని పెద్ద వాయిద్యకారులను తరచుగా తరగతికి పిలిచి, పిల్లల మధ్యలో కూర్చోబెట్టి వాయింపించాలి.

మూడోది ట్యాబ్, అంటే తీగలను గీతలుగా, మెట్లను అంకెలుగా చూపే కాగితం. వేలు ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది. క్లాహేమర్ అనే బాంజో శైలిలో గోరు తీగ మీద కిందికి పడ్డాక బొటనవేలు పొట్టిగా ఉండే ఐదో తీగను మీటుతుంది. ఆ రెండింటి మధ్య ఉండే ఊపు అంకెల్లోకి ఎక్కదు. ఫిడేలుకైతే ఇంకో చిక్కు. కొన్ని వరసలకు జి, డి, ఎ, ఇ తీగల్లో కింది రెంటినీ ఒక్కో పూర్తి స్వరం పెంచి ఎ, ఇ, ఎ, ఇ శ్రుతికి తెస్తారు. అప్పుడు మామూలు స్వరలిపి చూసి వేళ్లు పెట్టే పిల్లవాడికి కింది తీగల మీద వేరే స్వరాలు పలుకుతాయి. గురుముఖతః గమకాలు నేర్చినవారికి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. వీడియోలు కమానును చూపిస్తాయి, కానీ పిల్లవాడు తప్పు వాయిస్తే ఆపి సరిదిద్దవు.

అందుచేత నా ఓటు బడి తరగతికే, అదీ చెవితో నేర్పే తరగతికి. మొదటి ఏడాది కాగితం అసలు వద్దు. వరస చెవికి పట్టాక, మరిచిపోకుండా ఇంట్లో చూసుకోవడానికి ట్యాబ్ ఇవ్వవచ్చు. వాయిద్యాలు కొనలేని ఇళ్లకు బడే అరువివ్వాలి. ఇంటికి తీసుకువెళ్లే వాయిద్యం లేకపోతే, వారానికి ఒకటి రెండు తరగతులతో పిల్లల వేళ్లకు సాధన చాలదు.