ఉప్పుగాలిలో నాలుగేళ్లు: థార్‌కు అదనపు దీపాల వైరింగ్

నరసాపురం, మొగల్తూరు నడుమ మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గే వేళకు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటానికి గట్ల మీద తిరిగే నా మహీంద్రా థార్ జీపుకు, ముందు బంపర్‌పై 36 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు బిగించి నాలుగేళ్లు దాటింది. దీపాలు బాగానే పనిచేస్తున్నాయి. నేను చెప్పదలచుకున్నది మాత్రం వాటి వైరింగ్ గురించి.

మొదట బిగించిన మెకానిక్ బ్యాటరీ నుంచి నేరుగా లోపలి స్విచ్‌కు, అక్కడి నుంచి దీపాలకు సన్నటి తీగ లాగి, అతుకులకు నల్ల టేపు చుట్టి పంపాడు. ఫ్యూజు లేదు, రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో దీపాల పెద్ద కరెంటును కలిపే పరికరం) లేదు, ఇంజిన్ వెనుక రేకుకు చేసిన రంధ్రంలో తీగ ఒరుసుకోకుండా కాపాడే రబ్బరు గ్రామెట్ కూడా లేదు. మూడో నెలలో ఒక రాత్రి గట్టు మీద ఉండగా ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే ఆ రంధ్రం అంచుకు ఒరుసుకొని తీగ పైపొర తెగి, జానెడు మేర కరిగి, రాగి బయటపడి ఉంది. బ్యాటరీ నెగటివ్ లగ్ (తీగ చివర బిగించే లోహపు కొన) ఊడదీసే వరకు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తరువాత అంతా తీసేసి మళ్లీ చేయించాను. రెండు దీపాలకు కలిపి 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు, అందుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 10 ఆంపియర్ల ఫ్యూజు వాడాము. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి కనుక దానిని బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. దీపం దగ్గర పెడితే మధ్యలోని తీగంతా రక్షణ లేకుండా మిగిలిపోతుంది. రిలేలో 30 అంకె ఉన్న కాలికి ఫ్యూజు దాటి వచ్చిన తీగ, 87కు దీపాలు, 86కు స్విచ్, 85కు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) కలిపాము. స్విచ్‌కు కరెంటు ఇగ్నిషన్ నుంచి ఇచ్చినందువల్ల తాళంచెవి తీసేస్తే దీపాలు ఆరిపోతాయి. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించినందువల్ల అందులో నీరు నిలవదు.

అయినా రెండో ఏడు ఎడమ దీపం మినుకుమనడం మొదలైంది. దీపం వెలుగుతుండగా దాని నల్ల తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 1.6 వోల్టులు చూపింది. అక్కడ దాదాపు సున్నా ఉండాలి, లేదంటే ఆ దారిలో ఎక్కడో అతుకు సరిగా లేనట్టే. బంపర్ బ్రాకెట్‌కు బిగించిన ఎర్త్ బోల్టు విప్పితే లగ్ కింద పచ్చటి చిలుము, దాని కింద ఉబ్బిన పెయింటు కనిపించాయి. మన సముద్రపు గాలికి బాడీని ఎర్త్‌గా నమ్మకూడదని నాకు అప్పుడే అర్థమైంది. రెండు నెగటివ్ తీగలనూ బ్యాటరీ దాకా తెప్పించి, తగరం పూత ఉన్న లగ్గులు క్రింప్ చేయించి (తీగకు గట్టిగా నొక్కించి), వేడి చేస్తే ముడుచుకొని బిగిసే, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, పైన పెట్రోలియం జెల్లీ పూయించాను. మొన్న చూస్తే అదే చోట 0.1 వోల్టు మాత్రమే ఉంది.

కాలువ గట్టు రోడ్ల మీద ఎదురుగా వచ్చే బైకువారి కళ్లు చెదిరితే వారు నేరుగా కాలువలో పడతారు కాబట్టి, తారురోడ్డు ఎక్కే ముందు దీపాలు ఆర్పి మూతలు వేస్తాను. ఇన్నాళ్లలో మార్చవలసి వచ్చింది కాళ్లకు తుప్పు పట్టిన ఒక్క రిలేనే. ఇప్పుడు మరొక రిలే, రెండు ఫ్యూజులు గ్లోవ్‌బాక్సులో సిద్ధంగా ఉంచుకుంటున్నాను.