జ్యూస్ కోసం కిచెన్ తూకం: కొనొచ్చు, కానీ...

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పాత్రల షాపులో కొన్న డిజిటల్ తూకం ఇది. 5 కిలోల దాకా తూస్తుంది. ఇందులో పనికొచ్చేది టేర్ బటన్. గిన్నె పెట్టి నొక్కితే సున్నాకి వస్తుంది, ఇక ఒక్కో పండూ వేస్తూ లెక్క రాసుకోవచ్చు.

తొక్క, టెంక తీసేశాకే తూచండి. 100 గ్రాముల మామిడి గుజ్జుకు సుమారు 60 కేలరీలు, బీట్‌రూట్‌కు 43, క్యారెట్‌కు 41, కీరాకు 15. మా ఇంట్లో గ్లాసుకు 200 గ్రాముల బేనీషా, అంటే 120. దాని మీద మా అత్తమ్మ చెయ్యి జారితే మూడు టీస్పూన్ల చక్కెర, ఇంకో 48! బేనీషాకి చక్కెరెందుకో ఆమెనే అడగాలి. వడగడితే కేలరీలు పోతాయని మా ఆయన వాదన. పోయేది పీచు, తీపి చాలావరకు గ్లాసులోకే దిగుతుంది.

చిరాకు ఒకటుంది. కాయ చెక్కు తీసేలోపే స్క్రీన్ ఆరిపోయి లెక్కంతా పోతుంది. మిక్సీ జార్ పెడితే అంకెలే కనబడవు, చిన్న గిన్నెలో తూచి పోసుకోవాల్సిందే. ఆరు వందలకు ఇది చాలు. బ్లూటూత్ ఉన్నదానికి రెట్టింపు పెట్టకండి.