జిర్కాన్ డేటింగ్ సేవలు: లేజర్ రిపోర్టుతో సరిపెట్టుకోవద్దు

మహావినాశనం తర్వాత జీవం కోలుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో తేల్చడానికి అగ్నిపర్వత బూడిద నమూనాలు పంపేవారికి ల్యాబులు రెండు సేవలు ఇస్తాయి. బూడిదలో దొరికే జిర్కాన్ అనే ఖనిజపు గింజల్లో యురేనియం కాలక్రమంలో సీసంగా మారుతుంది, రెండింటి పాళ్లను బట్టి వయసు కడతారు. ఒకటి, గింజ మీద లేజర్‌తో చిన్న గుంట పెట్టి యురేనియం, సీసం కొలవడం. రెండోది, గింజ మొత్తాన్నీ ఆమ్లంలో కరిగించి మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచే టిమ్స్ పద్ధతి. లేజర్ చవక, ఒక్క రోజులో వంద గింజలు దాటిస్తుంది. అయినా ఈ పనికి చాలదు.

ఎందుకో చైనా లెక్కలే చెబుతాయి. మెయ్‌షాన్‌లో పెర్మియన్ అనే భూగర్భ యుగపు చివరి వినాశనం 25 కోట్ల 19 లక్షల 41 వేల ఏళ్ల కిందట మొదలై (±37 వేలు), 25 కోట్ల 18 లక్షల 80 వేల ఏళ్ల కిందట ముగిసింది (±31 వేలు). వ్యవధి సుమారు 60 వేల ఏళ్లు, ±48 వేలు. చేపలు, రొయ్యజాతి జీవులతో కళకళలాడిన గుయాంగ్ శిలాజాల వయసు 25 కోట్ల 8 లక్షల ఏళ్ల పైచిలుకు. అంటే కోలుకోవడానికి దాదాపు 10 లక్షల ఏళ్లే. ఇవన్నీ టిమ్స్ తేదీలు. లేజర్‌లో ఎన్ని గింజల సగటు తీసినా తేడా (వయసులో ఉండే ± అనిశ్చితి) ఒక శాతం దగ్గర ఆగిపోతుంది. ఈ వయసుకు అది 25 లక్షల ఏళ్లు. మనం కొలవాల్సిన కాలమే అందులో మునిగిపోతుంది.

నమూనా రెండు మూడు కిలోలుండాలి. బూడిద పొరకు పైనా కిందా అంటిన మట్టిని గీకెయ్యాలి, లేకపోతే పాత గింజలు కలుస్తాయి. పంపే ముందు ల్యాబును మూడు విషయాలు అడగండి. గింజలను 900 డిగ్రీల దగ్గర రెండు రోజులకు పైగా కాల్చి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కొంత కరగనిస్తారా? ఈ మెట్టు వదిలేస్తే రేడియేషన్‌తో దెబ్బతిని సీసం కోల్పోయిన భాగాలు మిగిలి, వయసు తక్కువ చూపిస్తుంది. సీసం బ్లాంకు, అంటే ల్యాబులోనే నమూనాకు అంటుకునే సీసం, ఒక పికోగ్రాము (గ్రాములో లక్ష కోట్లో వంతు) లోపేనా? తేడాలను విశ్లేషణ, ట్రేసర్ (కొలత కోసం కలిపే, పాళ్లు తెలిసిన ద్రావణం), క్షయ స్థిరాంకం (యురేనియం సీసంగా మారే వేగం) అని విడివిడిగా ఇస్తారా? ఒకే ట్రేసర్‌తో వచ్చిన రెండు తేదీల మధ్య వ్యవధికి విశ్లేషణ తేడా ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఒకే ఒక్క చిన్న వయసు గింజను పట్టుకుని తేదీ రాసిచ్చే రిపోర్టును ఒప్పుకోవద్దు. విస్ఫోటనానికి ముందే మాగ్మాలో పెరిగిన గింజలూ ఉంటాయి కాబట్టి కనీసం ఆరు గింజలు కొలిచి, ఒకదానితో ఒకటి పొసగే చిన్న వయసుల గుంపును తీసుకోవాలి. డబ్బు ఆదా కావాలంటే ముందు లేజర్‌తో పాత గింజలను ఏరేసి, మిగిలినవాటినే టిమ్స్‌కు ఇవ్వండి. లేజర్‌కు సరైన చోటు అదే.

రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య సున్నపురాయిలో, డైనోసార్ల అంతం తర్వాత సముద్రంలో కొత్తగా పుట్టిన ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలున్నాయి. అక్కడి బసాల్ట్ (లావా రాయి) ముక్కలను ఈ సేవలకు పంపితే డబ్బు దండగ, బసాల్ట్‌లో జిర్కాన్ చాలా అరుదు. అందులోని ప్లాజియోక్లేజ్ అనే ఖనిజాన్ని ఏరి ఆర్గాన్ డేటింగ్‌కు పంపాలి.