పాత బండి ముందు డిస్క్ బ్రేక్: కిట్టు వేయించి రెండు వానాకాలాలు తిరిగాక

ముందు డిస్క్ బ్రేక్ పట్టేస్తోందని మొత్తం కొత్త సెట్టు (అసెంబ్లీ) కొనక్కర్లేదు. పాత 150 సీసీ బండికి మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను తోసేది) లోపలి భాగాల కిట్టు, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) పిస్టన్, రబ్బరు సీళ్లు, ఆ రెంటి మధ్య ఆయిల్ పోయే హోస్ పైపు, ప్యాడ్లు మార్పించి రెండు వానాకాలాలు దాటించినోడిగా చెప్తున్నా. రోజూ తిరుపతి ట్రాఫిక్కు, వీలైనప్పుడల్లా కొండ, అప్పుడప్పుడు భాకరాపేట ఘాటు. కాకపోతే పని తెలిసినోళ్ల చేతిలో పడాలి.

నా బండికి బ్రేక్ పడకపోవడం కాదు జబ్బు, పట్టింది వదలకపోవడం. తిరుమల దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాటు రోడ్డు మీద, మలుపు మలుపుకీ బ్రేక్ తప్పదు. సగం దిగేసరికి లివర్ బిగుసుకుపోయేది. అలిపిరిలో ఆపి ముందు చక్రం ఎత్తి తిప్పితే అరచుట్టు కూడా తిరిగేది కాదు. టీ తాగి వచ్చేలోపు అంతా మామూలే! ఆ మామూలును చూసే ఇద్దరు మెకానిక్కులు ప్యాడ్లు రుద్ది పంపేశారు.

అసలు తిరకాసు మాస్టర్ సిలిండర్‌లో. ఆయిల్ డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఒకటి కాస్త పెద్దది, రెండోది గుండుసూది మొన కూడా కష్టంగా దూరేంత. లివర్ వదిలాక, వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఆ చిన్నదాంట్లోంచే పైకి రావాలి. మడ్డి కట్టి అది మూసుకుపోతే ఒత్తిడి లైన్లోనే ఉండిపోతుంది. ప్యాడ్లు డిస్కుకు రాసుకుంటాయి, వేడి పెరుగుతుంది, బ్రేక్ ఇంకా బిగుసుకుంటుంది.

చిత్తూరులో ఒక పెద్దాయన దగ్గర చేయించా. కేబుల్లోంచి సన్నటి పోగు ఒకటి లాగి ఆ రంధ్రంలో మెల్లగా ఆడిస్తే నల్లటి పొక్కు లేచొచ్చింది. సీళ్లను పెట్రోలు దరిదాపుల్లోకి రానివ్వలేదు, తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్‌తోనే తుడిచాడు. హోస్ పైపు బాగానే ఉంది కదన్నా అంటే, "పైన బాగుంటే లోపల బాగున్నట్టా నైనా?" అని విప్పిన పైపును బ్లేడుతో చీల్చి చూపించాడు. లోపలి రబ్బరు ఉబ్బి దారి సన్నబడి ఉంది. నోరు మూసుకుని కొత్తదానికి డబ్బులిచ్చా. పైపును బిగించే బాంజో బోల్టుకు రాగి వాషర్లు కూడా కొత్తవే వేశాడు.

ఇప్పుడు ఘాటు దిగి చక్రం తిప్పితే ఆగకుండా తిరుగుతుంది. ఎక్కడా చెమ్మ లేదు. క్యాలిపర్ సీళ్లు మాత్రం కంపెనీవే తీసుకోండి. పిస్టన్ ముందుకు జరిగినప్పుడు ఆ చదరపు అంచు రబ్బరు కాస్త మెలిపడుతుంది, లివర్ వదలగానే నిటారుగా సర్దుకుంటూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. వెనక్కి లాగడానికి లోపల వేరే స్ప్రింగంటూ లేదు.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం. ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే ఏటా మార్పిస్తా, మూత తీసిన సీసా దాచిపెట్టను. ట్యాంకు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు కొట్టాలి, లేదంటే పెయింటు లేచిపోతుంది.

నచ్చనిది ప్యాడ్లు. వంద రూపాయలు మిగిలాయని చవకవి వేయించా. వానలో కీచుమంటాయి, తడిసినప్పుడు మొదటి పట్టు ఆలస్యంగా అందుకుంటుంది. అరిగితే మార్చేద్దామని చూస్తున్నా, ఇంకా సగం మందం అలాగే ఉంది.