మూడు నెలల్లో గడగడా చదివిస్తామన్నారు, నమ్మి డబ్బు కట్టేశాను, మీరు కట్టకండి

పిల్లలకి చదవడం నేర్పిస్తామని కార్డులూ యాపూ అమ్మే ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, రిఫండ్ గొడవ ఇంకా నడుస్తోంది. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదనుకోండి, ఇదే సరుకు రేపు ఇంకో పేరుతో మీ ఫోన్‌లో కనిపిస్తుంది. అందుకని వాళ్లు ఏం చేశారో, నేను ఎక్కడెక్కడ బుట్టలో పడ్డానో వరసగా చెప్తాను.

మా పాపకి ఆరేళ్లు. రోజూ స్కూల్లో చదివే హోంవర్క్ ఇస్తారు. పేజీ అంటారు గానీ నాలుగైదు లైన్లే, కింద అమ్మో నాన్నో సంతకం పెట్టి పంపాలి. ఆ నాలుగు లైన్లకి మా ఇంట్లో ముప్పావుగంట పట్టేది. దానికి ఏడుపు, నాకు కోపం, పక్క గదిలోంచి మా ఆయన "పోనీ రేపు చదువుతుందిలే" అంటే ఆయన మీద కూడా కోపం. సంతకం పెట్టేసరికి ముగ్గురం మూడు మూలల్లో ఉండేవాళ్లం. సరిగ్గా అలాంటి ఒక రాత్రి ఫోన్‌లో ప్రకటన వచ్చింది, "మీ బిడ్డ చదువులో వెనకబడుతోందా? పది నిమిషాల్లో ఉచితంగా తెలుసుకోండి" అని. ఆ టైమ్‌లో ఏ తల్లి నొక్కదు చెప్పండి.

పాప చేత పరీక్ష రాయించాను. ఫలితం ఎర్ర రంగులో వచ్చింది, వయసుకి రెండేళ్లు వెనక ఉందట. ఆరేళ్ల పిల్ల రెండేళ్లు వెనకంటే నాలుగేళ్ల పిల్లతో సమానం, నాలుగేళ్ల పిల్లకి అసలు చదవడమే రాదు కదా, మరి దేంతో పోల్చారు అన్న చిన్న ప్రశ్న కూడా నాకు అప్పుడు తట్టలేదు. (చాలా రోజుల తర్వాత మా ఆయన నంబరు ఇచ్చి, అదే పరీక్ష నేనే కూర్చుని అన్నీ సరిగ్గా రాశాను. అదే ఎర్ర రంగు, అదే రెండేళ్లు. నేను కూడా వెనకే ఉన్నానన్నమాట.)

ఫలితం వచ్చిన ఐదు నిమిషాలకే ఫోన్. కౌన్సెలర్‌ట. ఆవిడ గొంతులో ఎంత జాలో, మా పిల్లకి ఏదో పెద్ద జబ్బు ఉందని చెప్తున్నట్టు మాట్లాడింది. "ఇప్పుడు పట్టించుకోకపోతే మూడో క్లాసుకి వచ్చేసరికి చాలా కష్టమైపోతుంది మేడమ్, మీ ఇష్టం" అంది. ఆ "మీ ఇష్టం" దగ్గరే పడిపోయాను. తగ్గింపు ఆ రాత్రి పన్నెండు గంటల వరకేనట. మా ఆయనతో మాట్లాడి రేపు చెప్తానంటే, "సార్‌ని లైన్‌లోకి తీసుకోండి, నేనే చెప్తాను" అంది. పదకొండున్నరకి ఏడాది మొత్తానికీ ఒకేసారి కట్టేశాం. డబ్బాడు కార్డులు, ఒక యాప్, వారానికి రెండు ఆన్‌లైన్ క్లాసులు, ఇదీ ప్యాకేజీ. తొంభై రోజుల్లో గడగడా చదవకపోతే పూర్తి డబ్బు వాపస్ అని నోటితో చెప్పింది. నోటితోనే.

మొదటి రెండు వారాలు నేను ఎంత మురిసిపోయానంటే ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. కార్డు మీద పైన బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో పదం. చూపించడమే ఆలస్యం, పాప టకటకా చెప్పేసేది. వీడియో తీసి మా అమ్మకీ, ఆడపడుచుకీ పంపాను. కంపెనీ వాళ్లు అడిగితే వాళ్లకీ పంపాను. ఆ వీడియో ఇప్పటికీ వాళ్ల ప్రకటనల్లో తిరుగుతోందేమో అని నా భయం. దయచేసి ఎవరడిగినా పిల్లల వీడియోలు పంపకండి.

తర్వాత ఒకరోజు హోంవర్క్‌లో "ఏనుగు" అన్న పదం వచ్చింది. ఏనుగు కార్డు ఆ పిల్ల కనీసం యాభైసార్లు చదివి ఉంటుంది. పుస్తకంలో ఆ పదం దగ్గర వేలు ఆగిపోయింది. బిక్కమొహం వేసుకుని నా వైపు చూస్తోంది. "రోజూ చెప్తావు కదే, కార్డు ఉంది కదా" అన్నాను. "ఆ కార్డుకి మూల మడిచి ఉంటుందమ్మా, దీనికి లేదు" అంది. లేచి వెళ్లి ఆ కార్డు తెచ్చి, బొమ్మనీ అక్షరాల్నీ చేత్తో మూసేసి ఆ మడిచిన మూల మాత్రం చూపించాను. "ఏనుగు" అంది, వెంటనే, నవ్వుతూ.

అంటే మా పిల్ల ఇన్నాళ్లూ అక్షరాలు చదవలేదు. ఒక కార్డుకి మడత, ఒకదానికి టీ మరక, మిగిలినవాటికి బొమ్మ గుర్తు. తెలివితక్కువ పిల్ల కాదు, నన్నడిగితే మహా తెలివైనది, ఏది ఇస్తే మార్కు పడుతుందో అది ఇచ్చింది.

ఆ తర్వాత నుంచి క్లాసుల్లో నేనూ పక్కన కూర్చున్నాను. ముందే కూర్చోవాల్సింది. ఇంగ్లీషు క్లాసులో "హార్స్" అన్న పదం వస్తే పాప "హౌస్" అంది. టీచరమ్మ "వెరీ గుడ్, దగ్గరికొచ్చావ్, మొదటి అక్షరం కరెక్టే, ఇప్పుడు బొమ్మ చూసి ఏమై ఉంటుందో ఊహించు" అంది. బొమ్మ చూసి హార్స్ అని చెప్పేసింది, తెర మీద నక్షత్రాలు రాలాయి. మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ మధ్య ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. ఈ ఊహించే పద్ధతి ఎక్కడిదా అని వెతికితే, 1967లో కెన్నెత్ గుడ్‌మన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ చదవడమంటే ఒక రకం ఊహించే ఆట అని రాశాడట, దాని ప్రభావం బళ్లలో దశాబ్దాలపాటు నడిచింది. తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పింది వేరు. బాగా చదివేవాళ్లు అక్షరాల్ని పూర్తిగానే చూస్తారు, ఊహ మీద ఎక్కువగా ఆధారపడేది చదవడం సరిగ్గా రానివాళ్లే. అంటే చదవలేనివాళ్ల అలవాటుని నేను డబ్బు కట్టి మరీ నేర్పించుకున్నాను.

తెలుగు కార్డుల సంగతి వేరే చెప్పాలి. ఒక కార్డు మీద అమ్మ అన్న పదం ఉంది. మ కింద ఒత్తు ఉండాల్సిన చోట, పొల్లు పెట్టిన మ ఒకటి, దాని పక్కన ఇంకో మ. పుస్తకం అన్నదీ అంతే, స పక్కన త, ఒత్తు మాయం. డబ్బాలో సగానికి పైగా ఒత్తు పదాలు ఇలాగే ఉన్నాయి. స్కూలు పుస్తకంలో ఒకలా, వీళ్ల కార్డులో ఇంకోలా ఉంటే పిల్ల ఏది నమ్మాలి? ఫోన్ చేసి చెప్తే "అది ఫాంట్ సమస్య మేడమ్, పిల్లల మీద ప్రభావం ఏమీ ఉండదు" అన్నారు. అక్షరాలు నేర్చుకునే పిల్లకి ఆ అక్షరం ఆకారమే కదండీ పాఠం! అసలే మ-య, ప-వ దగ్గర తికమకపడే వయసు. తెలుగు తెలిసినవాళ్లు ఒక్కరు కూడా ఆ కార్డులు అచ్చుకి వెళ్లేముందు చూడలేదని అప్పుడే అర్థమైంది.

ఇక నేను చేసిన పరీక్ష గురించి. మీరు డబ్బు కట్టే ముందే ఇది చేసుకోండి, కట్టేసి ఉంటే ఇవాళే చేయండి. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకి స్కూల్లో ఒక చిన్న పరీక్ష పెడుతున్నారు. 40 పదాలు చదివిస్తారు, అందులో 20 అసలు భాషలో లేనివే, కల్పించినవి. వాటి పక్కన వింత జీవి బొమ్మ వేస్తారు, ఇది నిజం పదం కాదు అని పిల్లలకి తెలియడానికి. లేని పదాన్ని ఎవరూ బట్టీపట్టి ఉండరు, బొమ్మ చూసి ఊహించలేరు, కాబట్టి చదివితే అక్షరాలు చదివినట్టే. ఇదేదో బాగుందే అని తెల్ల కాగితం మీద పెన్నుతో గిమ, తోడిపు, రొబె, ఇలా ఓ పది రాసి, "ఇవి గ్రహాంతరవాసుల పేర్లు, చదువు" అని ఇచ్చాను. గిమని గిన్నె అంది. తోడిపుని తోట అంది. రొబె దగ్గర రొట్టె అని, "కాదా?" అని నా మొహం చూసింది. పదిలో ఒక్కటి సరిగ్గా చదివింది. అప్పటికి అరవై రెండు రోజులైంది, యాప్‌లో మాత్రం దాని స్థాయి "నిపుణురాలు".

ఇది కొత్త మోసం కూడా కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో "యువర్ బేబీ కెన్ రీడ్" అని తొమ్మిది నెలల పసిపిల్లలు కూడా చదివేస్తారంటూ వీడియోలు, కార్డులు అమ్మారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (కొనేవాళ్లని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ) 2012లో అది తప్పుడు ప్రచారమని కేసు పెట్టింది. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో 117 మంది పసిపిల్లల్ని తీసుకుని, కొందరికి ఏడు నెలలపాటు అలాంటి సరుకు వాడించి చూస్తే చదవడం ఏమీ రాలేదు. వచ్చిన మార్పల్లా తల్లిదండ్రుల నమ్మకంలోనేనట, మా పిల్ల నేర్చుకుంటోంది అని వాళ్లు గట్టిగా నమ్మారు. వీడియోలు పంపిన నన్నే చూసి రాసినట్టు ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. అరవై మూడో రోజు రిఫండ్ అడిగాను. తొంభై రోజులు నిండాలన్నారు. సరే అని నిండాక అడిగితే ఒక కాగితం పంపారు, అప్పటిదాకా ఎప్పుడూ చూపించని కాగితం. తొంభై రోజుల్లో ప్రతి రోజూ కనీసం ఇరవై నిమిషాలు యాప్ వాడి ఉండాలి, ఒక్క క్లాసు మానకూడదు, 91వ రోజు నుంచి 97వ రోజు లోపల మాత్రమే అడగాలి. మా పాపకి మధ్యలో మూడు రోజులు జ్వరం వచ్చింది. జ్వరంలో ఉన్న పిల్లని లేపి ఇరవై నిమిషాలు కార్డులు చదివించలేదు కాబట్టి మేము "నిబద్ధత చూపలేదు"ట. కౌన్సెలర్ చెప్పిన మాట సంగతేంటి అంటే, ఆవిడ ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదన్నారు.

పోనీ వచ్చే ఏడాది డబ్బు మళ్లీ కట్ కాకుండా ఆపేద్దామని చూస్తే యాప్‌లో ఆ మీటే లేదు. సెట్టింగ్స్‌లో మూడు పేజీలు లోపలికి వెళ్తే "మా సలహాదారుతో మాట్లాడండి" అని వస్తుంది. ఆ నంబరుకి చేస్తే ఇరవై ఐదు నిమిషాలు పాట వినిపించి ఫోన్ పెట్టేస్తారు. చివరికి బ్యాంకుకి చెప్పి ఆటోపే ఆపించాను, మీరూ అదే చేయండి, వాళ్లని బతిమాలుతూ కూర్చోకండి. ఇది కూడా పాత కథే, ఏబీసీమౌస్ అనే పిల్లల చదువు యాప్ మీద ఇలాంటి ఆరోపణలే, అంటే ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అవడం, ఆపడం కష్టం చేయడం, వచ్చి 2020లో ఆ సంస్థ అదే ట్రేడ్ కమిషన్‌కి కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

ఎవరైనా ఇలాంటివి కొనాలనుకుంటే, డెమోలో వాళ్ల కార్డు, వాళ్ల బొమ్మ పట్టుకుని చదివిస్తే ఒప్పుకోకండి. మీరు రాసిన కాగితం ఇవ్వండి. రిఫండ్ షరతులు మెయిల్‌లో పంపమనండి, పంపేదాకా బ్యాంకు కార్డు నంబరు చెప్పకండి. "ఇవాళ రాత్రి వరకే" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. రేపు కూడా అదే ధర ఉంటుంది, నేను చూశాను, మా "ఆఖరి రాత్రి" అయ్యాక నాలుగు నెలలకి కూడా అదే తగ్గింపు నడుస్తోంది.

మరి హోంవర్క్ ఏం చేస్తున్నారు అని అడుగుతారు. పెద్దగా ఏమీ లేదు. స్కూల్ టీచర్‌ని కలిసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, గుణింతం మళ్లీ మొదటి నుంచి చేయించమంది, పది నిమిషాలు దాటనివ్వొద్దంది. బొమ్మని కాగితంతో మూసి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం పలికి కలిపి చదువుతుంది. తడబడితే వెంటనే అందించకుండా మనసులో ఐదు లెక్కపెడతాను (ఇదే నాకు అన్నిటికంటే కష్టం, నోరు ఆగదు). ఇంగ్లీషుకి అక్షరం పేరు కాకుండా శబ్దం చెప్పిస్తున్నాను. 26 అక్షరాలే గానీ శబ్దాలు 44 దాకా ఉన్నాయి, తొందర పడితే అయ్యే పని కాదు. మనకి ప్రతి హల్లు చివరా అకారం పలికే అలవాటు కదా, "బ్యాట్" కాస్తా "బ-యా-ట" అయిపోతోంది, దానికి కొంచెం నవ్వుకుంటున్నాం కూడా. పడుకునే ముందు కథ మాత్రం నేనే చదువుతాను, అప్పుడు ఏ పదమూ అడగను.

మొన్న గ్రహాంతరవాసుల పేర్లు మళ్లీ పది రాసి ఇచ్చాను. ఆరు సరిగ్గా చదివింది. ఏడోది "బ్లుకె" దగ్గర ఆగి, "ఇది ఒత్తు కదా, ఆ డబ్బా కార్డుల్లో ఇలా ఉండేది కాదు" అంది.

నిన్న మధ్యాహ్నం వాళ్ల నంబరు నుంచే ఫోన్ వచ్చింది. రిఫండ్ గురించేమో అనుకుని ఎత్తాను. పాప "నిపుణురాలు" స్థాయికి చేరింది కాబట్టి రెండో ప్యాకేజీకి అర్హత వచ్చిందట, తగ్గింపు ఇవాళ రాత్రి వరకేనట.