బ్రోకెన్ హిల్‌లో అసలైన వేటమాంసం: కంగారూ ఫిల్లెట్, ఖీమా, సాసేజ్, తోక

మా గోదావరి వైపు మేక మాంసాన్ని వేటమాంసం అంటాం. వేటాడేదెవరు? ఆదివారం పొద్దున్నే కొట్టు ముందు నిలబడి, తొడ వైపు వెయ్యమని బతిమాలుకుని తెచ్చుకునేదే. పేరులో మాత్రం వేట ఉండిపోయింది. నిజంగా వేటాడిన మాంసం నేను మొదటిసారి తిన్నది ఆస్ట్రేలియా వచ్చాకే. అదీ సూపర్ మార్కెట్లో, గొర్రె మాంసం పక్క అరలో, ప్లాస్టిక్ ట్రేలో దొరికింది. కంగారూ.

నేను ఆరేళ్లుగా బ్రోకెన్ హిల్‌లో ఫార్మసిస్టుని. ఊరు ఉన్నది న్యూ సౌత్ వేల్స్‌లో, గడియారం నడిచేది పక్క రాష్ట్రం సౌత్ ఆస్ట్రేలియా టైముతో. అలాంటి వింత ఊరు. చుట్టూ ఎర్రమట్టి, మోకాలెత్తు ఉప్పుపొదలు, పొద్దు వాలితే రోడ్డెక్కేసే కంగారూలు. ఈ ఆరేళ్లలో దాన్ని నాలుగు రకాలుగా కొని వండాను. కొత్తగా వచ్చిన మనవాళ్లు కనపడ్డప్పుడల్లా "అక్కా, అది తినొచ్చా? ఎలా ఉంటుంది?" అని అడుగుతూనే ఉన్నారు. అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఫిల్లెట్, అంటే ఎముక లేని కండ ముక్క. ట్రే విప్పగానే కంగారు పడకండి (ఈ మాట వాడకుండా ఈ రివ్యూ రాయడం నా వల్ల కాదు). మొదటిసారి నేను పాడైపోయిందేమో అనుకున్నా. గొర్రె మాంసం ఎరుపు కాదది, నేరేడు పండు కొరికితే లోపల కనపడే రంగు. తెల్లటి కొవ్వు గీత ఒక్కటీ ఉండదు. కొవ్వు రెండు శాతం లోపే. వాసన కూడా మనకి తెలిసిన నీచు వాసన కాదు, తడిసిన ఇనుము వాసన. ఐరన్ ఎక్కువున్న మాంసం మరి.

ఆ మొదటి ట్రేని నేను వండిన విధానం చెబితే ఇక్కడివాళ్లు నవ్వుతారు. ముక్కలు కోసి, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి, పెరుగు పట్టించి, కుక్కర్లో మూడు కూతలు. తీసి చూస్తే గట్టిగా ఉంది. ఉడకలేదనుకుని ఇంకో రెండు. ఇంకా బిగిసింది. పట్టుదలకి పోయి మరో నాలుగు. మా ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "ఇది ఇంకా గెంతుతోంది" అన్నాడు.

తప్పు మాంసంది కాదు. మేక మాంసంలో కొవ్వుంటుంది, పీచుని పట్టి ఉంచే జిగురు పొరలుంటాయి. ఉడికేకొద్దీ అవి కరిగి ముక్క మెత్తబడుతుంది. కంగారూ ఫిల్లెట్లో కరగడానికి ఏమీ లేదు. ఉన్నదంతా కండ, నీళ్లు. వేడి తగిలేకొద్దీ కండ ముడుచుకుని నీళ్లు కక్కేస్తుంది, మిగిలేది చెప్పు అట్ట. మన వంటింటి బుద్ధంతా "ఇంకాస్త ఉడకనీ" అంటుంది కదా, ఇక్కడ ఆ బుద్ధిని బయట పెట్టి తలుపు వేసుకోవాలి.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. వండే అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి, తడి లేకుండా ఒత్తి, మిరియాలు, కాస్త ధనియాల పొడి, నూనె రాసి పెడతాను. నూనె దండిగానే రాయాలి, దానికి సొంత కొవ్వు లేదు కాబట్టి. ఉప్పు పెనం మీదకి వెళ్లే ముందే. ఇనుప పెనం పొగలు వచ్చేదాకా కాలాక వేసి, అటు రెండున్నర నిమిషాలు, ఇటు రెండు. తీసి పళ్లెంలో మూత పెట్టి, చూడబుద్ధయినా చూడకుండా ఐదు నిమిషాలు. తర్వాత పీచుకి అడ్డంగా పల్చగా కోయాలి. నడిమధ్యలో గులాబీ రంగు ఉంటుంది, ఉండాలి. రుచి చెప్పమంటే, కార్జానికీ లేత గొర్రెకీ మధ్యన ఎక్కడో, చివర్లో నాలుక మీద సన్నటి పులుపు. నాకు ఇది నాలుగింటిలో రెండో స్థానం.

మందుల కొట్టు మనిషిగా ఒక్క మాట: గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఇలా సగం పచ్చిగా తినకండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కంగారూల్లో ఉంటుంది, మాంసం బాగా ఉడికితే చస్తుంది. మీరు ఖీమా వైపు వెళ్లండి.

ఖీమా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గొర్రె ఖీమా కంటే చవక, బఠాణీ వేసి పొడిపొడిగా వండితే మా అబ్బాయికి తేడా తెలియలేదు. ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేయాలి, లేకపోతే ఇసుక తిన్నట్టుంటుంది.

కొట్టు సంగతి చెప్పి వేట దగ్గరికి వస్తా. ఇక్కడి పాతకాలం జనానికి కంగారూ అంటే కుక్కల తిండి. సౌత్ ఆస్ట్రేలియాలో 1980లో మనుషులు తినడానికి అనుమతిచ్చారు, మిగతా రాష్ట్రాలు 1993 దాకా ఆగాయి. ఆ పదమూడేళ్లూ సరిహద్దుకి అటు అది భోజనం, ఇటు కుక్క మేత. ఇప్పటికీ పోలేదు ఆ అలవాటు. మొదట్లో నేను ఒక మాంసం కొట్టుకి వెళ్లి తోక కావాలంటే, కౌంటర్లో పెద్దాయన చాలా మర్యాదగా "మీకు ఎన్ని కుక్కలమ్మా?" అని అడిగాడు.

మా పక్కింటాయన లైసెన్సున్న కంగారూ వేటగాడు. అరవై దాటాయి. బీపీ మాత్రలు నా దగ్గరే తీసుకుంటాడు. "తినేదాన్ని ఎలా కొడతారో చూడాలని ఉంది" అన్నందుకు పోయిన జూన్‌లో, అంటే ఇక్కడ గడ్డకట్టే చలిలో, ఒక రాత్రి తన యూట్‌లో (వెనక తొట్టి ఉన్న బండి) కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. నేను ఊహించుకున్న వేటలో పరుగులు, కేకలు, కుక్కలు ఉన్నాయి. అక్కడ అవేమీ లేవు. నడిచే వేగంతో బండి, పైన తిరిగే స్పాట్‌లైటు, కిటికీ అంచున మెత్త మీద ఆనించిన రైఫిలు. వెలుతురు పడగానే కంగారూ పారిపోదు. నిటారుగా లేచి, ముందుకాళ్లు ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, ఆ వెలుతురులోకే చూస్తూ నిలబడిపోతుంది. ఇంజను ఆపేస్తాడు. బండి కదులుతుంటే గురి కదులుతుంది.

తూటా తలకే తగలాలి. ఇది ఆయన గొప్ప కోసం పెట్టుకున్న నియమం కాదు. వేట నిబంధనావళి అదే, లైసెన్సు ఇచ్చే ముందు గురి పరీక్ష కూడా పెడతారు. ఒంట్లో ఎక్కడైనా తూటా దెబ్బ కనపడితే ఆ మాంసాన్ని చిల్లర్ వాళ్లు తీసుకోరు. (చిల్లర్ అంటే ఊరి చివర పెట్టిన పెద్ద శీతల గది.) ఆ రాత్రి మొదటి నాలుగింటినీ వదిలేశాడు. రెండు సరిగ్గా నిలబడలేదు. రెండు ఆడవి. ఎర్ర కంగారూలో మగది ఇటుక రంగు, 85 కిలోల దాకా పెరుగుతుంది. ఆడది సన్నగా, నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. ఆయన సరుకిచ్చే చిల్లర్‌లో ఆడవాటిని తీసుకోరు. తల్లిని కొడితే సంచిలో కూనని కూడా అక్కడికక్కడే చంపెయ్యాలన్నది నిబంధన. ఈ వ్యాపారం మీద ఉన్న అభ్యంతరాల్లో నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది అదొక్కటే. "కుర్రతనంలో ఆ పని చేశాను. ఇక చెయ్యను" అన్నాడు, స్టీరింగు వైపు చూస్తూ. నేనేమీ అడగలేదు.

ఐదోదాన్ని కొట్టాడు. చప్పుడు వినపడేలోపే అది కింద ఉంది. దిగి, మెడ కోసి రక్తం వదిలి, తల దీపం వెలుగులో పొట్ట చీల్చాడు. చలిలో కుండ మూత తీసినట్టు ఆవిరి లేచింది. దుర్వాసన వస్తుందని కొంగు, అదే, స్కార్ఫు, ముక్కుకి అడ్డం పెట్టుకున్నా. వచ్చింది నలిపిన పచ్చగడ్డి వాసన. కార్జాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మచ్చలున్నాయేమో చూశాడు, నేను మందు పెట్టె మీద తేదీ చూసుకున్నట్టే. తర్వాత కాలికి నంబరున్న ప్లాస్టిక్ ట్యాగు గుచ్చి, బండి వెనక కొక్కేనికి తలకిందులుగా వేలాడదీశాడు. ఆ ట్యాగులు ప్రభుత్వం లెక్క ప్రకారం ఇస్తుంది. విమానాల్లోంచి కంగారూలని లెక్కబెట్టి, ఆ సంఖ్యలో 15 నుంచి 20 శాతం దాకా కోటా పెడతారు. వానల్లేకపోతే ఆడ కంగారూలు కూనల్ని కనడం ఆపేస్తాయి, సంఖ్య పడిపోతుంది, కోటా కూడా దాంతోపాటే. వీటిని పెంచే ఫారాలు లేవు. డింగోలు, అంటే ఇక్కడి అడవి కుక్కలు, గొర్రెల మీద పడకుండా 5,600 కిలోమీటర్ల కంచె కట్టుకున్నారు. అది మా ఊరికి ఉత్తరాన సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దు వెంబడి పోతుంది. కంచెకి ఇటువైపు కంగారూని తినే డింగోలు దాదాపు లేవు, గొర్రెల కోసం తవ్విన నీటి తొట్లు బోలెడు. పెరగక ఏం చేస్తాయి?

ఇదంతా రివ్యూలో ఎందుకంటే, రుచి ఇక్కడే తయారవుతుంది కాబట్టి. భయపడి పరుగెత్తి చచ్చిన జంతువు కండలో చక్కెర నిల్వ అయిపోతుంది. ఆ మాంసం నల్లబడి, జిగటగా, త్వరగా పాడయ్యేలా తయారవుతుంది. గడ్డి మేస్తూ తలెత్తి చూసి పడిపోయినదాని మాంసం వేరు. ఒకే కంపెనీ ట్రేల్లో ఒక వారం వెన్నలాగా, ఇంకో వారం మొండిగా ఎందుకుంటుందో ఆ రాత్రి అర్థమైంది. తెల్లారేలోపు పదకొండు దించాడు. ఒక చిన్న ముక్క ఇవ్వమంటే ఇవ్వలేదు. ట్యాగు పడిందంటే చిల్లర్‌కే పోవాలట. ఇంతా చేసి ఆయన తినేది గొర్రె మాంసం.

ఇక తోక. నా మొదటి స్థానం దీనికే.

తోక నేను నేర్చుకున్నది మెనిండీలో. మా ఊరికి 110 కిలోమీటర్లు, డార్లింగ్ నది ఒడ్డు. అక్కడి ఆదివాసులైన బార్కింజీ జనం నదిని బాకా అంటారు. నది ఒడ్డున ఒక బార్కింజీ పెద్దామె తోకలు కాలుస్తుంటే పక్కన కూర్చున్నా. బొచ్చుని మంటలో చుర్రుమనిపించి, కత్తి వీపుతో గీకి, అల్యూమినియం రేకులో చుట్టి, నిప్పులు పక్కకి లాగి వేడి మట్టిలో పాతిపెట్టింది. పూర్వం రేకు లేదు, ఆ నేలలో రాళ్లూ తక్కువే, అందుకని బంకమట్టి ఉండల్ని కాల్చి గుంటలో పేర్చేవారట. అది ఉడికేలోపు వాళ్ల పెద్దల వేట గురించి చెప్పింది. బూమరాంగ్ తిరిగొస్తుందనే కదా మనం చదువుకున్నాం. కంగారూ కాళ్లు విరగ్గొట్టేది తిరిగి రాని రకం, బరువైనది. బాతుల కోసమైతే నదికి అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకి నారవల కట్టేవాళ్లు. గుంపు ఎత్తుగా ఎగిరొస్తుంటే ఒకడు డేగలా ఈల వేసి, బూమరాంగ్‌ని వాటి పైనుంచి విసిరేవాడు. డేగ వచ్చిందనుకుని బాతులు నీళ్లకి తాకేలా కిందికి దిగి, నేరుగా వలలోకి. ఆవిడ ఆ ఈల వేసి చూపించింది. రేవులో ఉన్న కొంగలు నిజంగానే లేచిపోయాయి.

మూడు గంటలకి తోక తీసింది. తోలు చీలిస్తే లోపల మాంసం వెన్నుపూసల మధ్యనుంచి జారిపోతోంది. వేళ్లకీ పెదాలకీ జిగురు అంటుకుంటే నాకు మేకకాళ్ల పులుసే గుర్తొచ్చింది. ఫిల్లెట్లో లేని జిగురంతా తోకలోకే దిగిందన్నమాట. ఇక్కడ మన కుక్కర్ పనికొస్తుంది. గడ్డకట్టిన తోకని కొట్టువాడితోనే కణుపు దగ్గర ముక్కలు కొట్టించి, మిరియాలు, ధనియాలు, చింతపండు కొంచెం వేసి, సన్న సెగ మీద గంట సేపు. మా ఆయన ఎముక చీకుతూ ఏమీ మాట్లాడలేదు, అది ఆయన ఇచ్చే ఐదు నక్షత్రాలు. తోక అన్ని కొట్లలో ఉండదు, రెండు వారాల ముందు చెప్పి పెట్టుకోవాలి.

సాసేజ్‌లు దండగ. ఏ కంపెనీవని అడక్కండి. ఉప్పు, పిండి, వెల్లుల్లి పొడి, వాటి కింద ఎక్కడో కంగారూ. వేటగాడు తలకి గురి చూసి అంత శుభ్రంగా దించినదాన్ని తీసుకెళ్లి ఇలా చెయ్యడానికి మనసెలా వచ్చిందో.

మా అబ్బాయి ఏడేళ్లవాడు, స్కూల్లో దేశ చిహ్నం మీద కంగారూ, ఈమూ బొమ్మలు వేసి వచ్చి, "అమ్మా, మనం దేశ చిహ్నాన్ని తింటున్నామా?" అని అడిగాడు. అవునన్నా. కాసేపాలోచించి, "ఈమూ ఎప్పుడు?" అన్నాడు.

ఫ్రీజర్‌లో ఒక సాసేజ్ పాకెట్ ఇంకా మిగిలుంది. పక్కింటాయన కుక్కకి పెడతారా అని అడిగా. పాకెట్ తిప్పి వెనకున్నదంతా చదివి తిరిగిచ్చేశాడు, అది అలాంటివి తినదట.